పంక్తికి పంక్తి బదులు

ఆరంభం చిన్నదైనా చివరికి గొప్ప ఎదుగుదల ఉంటుందన్న భరోసా తెలుగు క్రైస్తవుల ఇళ్లలో గోడ క్యాలెండర్ల మీద, గృహప్రవేశం పత్రికల మీద కనిపిస్తుంటుంది. మాట బైబిలుదే. యోబు గ్రంథం 8వ అధ్యాయంలో ఉంది. కానీ అక్కడ ఆ మాట అంటున్నది ఎవరు? పదిమంది బిడ్డలను ఒకే రోజు పోగొట్టుకుని, ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్న యోబును ఓదార్చడానికి వచ్చిన బిల్దదు అనే స్నేహితుడు. నీ బిడ్డలు పాపం చేసి ఉంటారు, దాని ఫలితం అనుభవించారు అని ఆ తండ్రి ముఖం మీదే సూచించాక ఈ భరోసా ఇస్తాడు. అదైనా ఊరికే ఇవ్వడు, నువ్వు నిర్దోషివైతేనే అని షరతు పెడతాడు. 42వ అధ్యాయానికి వచ్చేసరికి దేవుడు ఈ స్నేహితుల మీద కోప్పడి, వాళ్లు తన గురించి సరిగా మాట్లాడలేదని తేల్చేస్తాడు.

మెలిక అక్కడితో అయిపోదు. యోబు చివరి రోజులు నిజంగానే మొదటి రోజులకన్నా ఘనంగా గడుస్తాయి. 7,000 గొర్రెల చోట 14,000, 3,000 ఒంటెల చోట 6,000 వచ్చి చేరతాయి. అంటే బిల్దదు చెప్పిన జోస్యం ఫలించింది, చెప్పిన కారణం మాత్రం తప్పింది.

ఒక్క వాక్యాన్ని ఊడదీసి గోడకు తగిలిస్తే ఇదంతా కనబడకుండా పోతుంది. హీబ్రూ లేఖనాల్లోని కవిత్వ గ్రంథాలూ జ్ఞాన గ్రంథాలూ జతలుగా చదవాల్సినవి. పంక్తిని పక్క పంక్తితో, మాటను మాట్లాడిన మనిషితో, గ్రంథాన్ని దానికి ఎదురు నిలిచిన గ్రంథంతో కలిపి చూస్తేనే వాటి అర్థం తెరుచుకుంటుంది.

యూదులు తమ లేఖనాలను తనఖ్ అంటారు. అందులో తోరా, ప్రవక్తలు, రచనలు అని మూడు భాగాలు. తెలుగు బైబిలులో కీర్తనలు, సామెతలు, యోబు, ప్రసంగి, పరమగీతం, విలాపవాక్యాలు అన్న పేర్లతో ఉన్నవన్నీ యూదుల లెక్కలో మూడో భాగంలోనివే. వీటిలో సామెతలు, యోబు, ప్రసంగి కలిపి జ్ఞాన సాహిత్యం అని పండితుల వాడుక. ఐగుప్తు దాస్యం, ఎర్రసముద్రం దాటడం, సీనాయి కొండ మీద ధర్మశాస్త్రం ఇవ్వడం లాంటి ఘట్టాలు ఈ మూడు గ్రంథాల్లో కథావస్తువులుగా రావు. సాగు, సంసారం, సొమ్ము, నోటిదురుసు, రోగం, చావు. మనుషులందరికీ ఉండే ఈ గొడవలే వాటి సరుకు. యోబు కూడా ఇశ్రాయేలీయుడు కాడు, ఊజు దేశస్థుడు.

ఇవి కవిత్వమన్న సంగతి పాత లేఖకులకు బాగా తెలుసు. క్రీ.శ. 930 ప్రాంతంలో గలిలయ సముద్రం ఒడ్డున తిబేరియలో సిద్ధమైన ప్రసిద్ధ హీబ్రూ బైబిలు రాతప్రతి, అలెప్పో ప్రతిలో పుటకు మూడు నిలువు వరుసలు ఉంటాయి. కీర్తనలు, సామెతలు, యోబు వచ్చేసరికి లేఖకుడు రెండు వరుసలకు మారి, పంక్తుల మధ్య ఖాళీలు వదిలాడు. పఠనంలో స్వరం ఎక్కడ లేవాలో ఎక్కడ ఆగాలో చెప్పే గుర్తులు కూడా ఈ మూడు గ్రంథాలకు వేరే పద్ధతిలో ఉంటాయి.

జంట నడక

యూరప్ పండితులు చాలాకాలం హీబ్రూ కవిత్వంలో గ్రీకు, లాటిన్ ఛందస్సులు వెతికారు. ఆ వెతుకులాటకు మలుపు ఆక్స్‌ఫర్డ్‌లో వచ్చింది. అక్కడ కవిత్వ ఆచార్యుడిగా ఉన్న రాబర్ట్ లౌత్ హీబ్రూ పవిత్ర కవిత్వం మీద లాటిన్‌లో ఇచ్చిన ఉపన్యాసాలు 1753లో పుస్తకంగా వచ్చాయి. ఈ కవిత్వానికి ప్రాణం మాత్రలూ గణాలూ లెక్కపెట్టడంలో లేదని, ఒక పంక్తికి మరో పంక్తి సమాంతరంగా నడవడంలో ఉందని ఆయన చూపించాడు. అలాంటి నడకను మూడు రకాలుగా విడదీశాడు.

పద్ధతి తెలియడానికి ఏ గ్రంథంలోనూ లేని ఒక జంటను అల్లి చూద్దాం: “వాన కోసం పొలం ఎదురుచూసింది / చినుకు కోసం గింజ నోరు తెరిచింది.” రెండో పంక్తి మొదటిదాన్నే మళ్లీ చెబుతున్నట్టు ఉంటుంది. ఇది లౌత్ చెప్పిన మొదటి రకం, సమానార్థక సమాంతరత. ఇంకో జంట: “బద్ధకస్తుడి గడప ముందు గడ్డి మొలిచింది / పాటుపడినవాడి గాదె నిండింది.” ఇక్కడ రెండో పంక్తి మొదటిదానికి ఎదురు నిలబడింది. సామెతలు 10వ అధ్యాయం నుంచి ఇలాంటి ఎదురు జంటలు వరుసగా వస్తాయి. మూడో రకంలో రెండో పంక్తి మొదటిదాని మీద ఇంకో అంతస్తు కడుతుంది: కారణం చెబుతుంది, ఉపమానాన్ని పూర్తిచేస్తుంది, మాటను ముందుకు నడుపుతుంది.

లౌత్ తర్వాత రెండు శతాబ్దాలకు పైగా ఈ విభజనే రాజ్యమేలింది. 1981లో జేమ్స్ కూగెల్, 1985లో రాబర్ట్ ఆల్టర్ అనే పండితులు దానికి సవరణ తెచ్చారు. రెండో పంక్తి ఊరికే పునరుక్తి కాదన్నది వాళ్ల వాదన సారం. పై మొదటి జంటనే మళ్లీ చూస్తే విషయం అర్థమవుతుంది. వాన చినుకైంది, పొలం గింజైంది, ఎదురుచూపు నోరు తెరవడమైంది. విశాలమైనది సన్నబడింది, మామూలు మాట బొమ్మ కట్టింది, ఆత్రం పెరిగింది. హీబ్రూ కవి రెండో పంక్తిలో సాధారణంగా చేసేది ఈ పనే. కాబట్టి చదివేవాళ్లు “రెండూ ఒకటే” అని సాగిపోకుండా, మొదటి పంక్తిలో లేనిది రెండోదానిలో ఏం చేరిందని ప్రతి జంట దగ్గరా ఆగి చూడాలి.

ఈ నడకకు మరో గుణం ఉంది. ప్రాస, యతి, శబ్దాల పొందిక భాష మారితే రాలిపోతాయి. భావం మీద కట్టిన సమాంతరత మాత్రం భాషలు దాటినా చాలావరకు నిలుస్తుంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డె గ్రాంజ్ విశాఖపట్నం చేరి తెలుగు అనువాదానికి పూనుకున్న నాటి నుంచి ఇప్పటి వాడుక భాషా అనువాదాల వరకు తెలుగు బైబిలు మాటతీరు ఎంతో మారింది. జంట నడక మాత్రం తెలుగు పాఠకుడి చెవికి అన్నింటిలోనూ అందుతూనే ఉంది.

అక్షరాల వరుస మీద దుఃఖం

అనువాదంలో పూర్తిగా పోయేది అక్షరక్రమ రచన. హీబ్రూలో అక్షరాలు 22. కొన్ని కవితల్లో పంక్తులు ఆ అక్షరాల వరుసలోనే మొదలవుతాయి. 119వ కీర్తనలో ఒక్కో అక్షరంతో ఎనిమిదేసి వచనాలు, మొత్తం 176. కొన్ని అనువాదాల్లో ఆ కీర్తన మధ్య మధ్య ఆలెఫ్, బేత్ అని కనిపించే శీర్షికలు ఈ అక్షరాల పేర్లే. సామెతలు 31వ అధ్యాయం చివర గుణవతి అయిన గృహిణిని వర్ణించే 22 వచనాలు కూడా ఇదే క్రమంలో సాగుతాయి.

ఈ పద్ధతి అత్యంత గాఢంగా పనిచేసింది విలాపవాక్యాల్లో. క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి, ఆలయాన్ని తగలబెట్టింది. ఆ వినాశనం మీద ఏడ్చే ఐదు కవితల సంపుటి ఇది. 1, 2, 4 అధ్యాయాల్లో ఒక్కోదానిలో అక్షరక్రమంలో 22 వచనాలు. నడిబొడ్డున ఉన్న 3వ అధ్యాయంలో అక్షరానికి మూడేసి చొప్పున 66. ఏడుపుకు హద్దు ఉండదు, అక్షరమాలకు ఉంటుంది. పట్టలేని శోకాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నడిపించి ఒక దరికి చేర్చాడు కవి. 5వ అధ్యాయంలో వచనాలు 22 ఉన్నా అక్షరాల వరుస ఉండదు. కట్టుబాటు విడిపోయి సంఖ్య మాత్రమే మిగిలింది.

పంక్తుల నిడివిలో కూడా ఈ శోకం వినిపిస్తుంది. మొదటి భాగంలో మూడు ఊనికలు, రెండో భాగంలో రెండు. నడుస్తూ నడుస్తూ కుంటుపడ్డట్టు ఉండే ఈ లయను 1882లో జర్మన్ పండితుడు కార్ల్ బుద్దె గుర్తించి, విలాప లయగా వివరించాడు. యూదులు నేటికీ ఆలయ పతనాన్ని తలచుకునే అవ్ నెల తొమ్మిదో రోజున ఉపవాసముండి, సమాజమందిరంలో నేల మీదో పొట్టి పీటల మీదో కూర్చుని ఈ గ్రంథాన్ని చదువుతారు.

దేవుణ్ని నిలదీసిన కీర్తనలు

కీర్తనలు అనగానే స్తోత్రాలే మనసులో మెదులుతాయి. 150 కీర్తనలను రకాల వారీగా విడదీసి చూసిన జర్మన్ పండితుడు హెర్మన్ గుంకెల్ వేరే చిత్రాన్ని చూపించాడు. 1926లో వచ్చిన ఆయన వ్యాఖ్యానం నుంచి కీర్తనల అధ్యయనం దారే మారింది. ఒక్కో కీర్తన ఎవరు రాశారన్న ప్రశ్న కన్నా అది ఏ సందర్భంలో, ఎవరి నోట, ఎందుకు పలికిందన్న ప్రశ్న ముందుకు వచ్చింది. స్తుతి, కృతజ్ఞత, రాజకీర్తన, సామూహిక విలాపం, వ్యక్తి విలాపం అని ఆయన వర్గీకరించాడు. అన్నింటిలోకీ ఎక్కువగా తేలింది విలాపమే.

విలాప కీర్తనకు ఒక చట్రం ఉంది: పిలుపు, ఫిర్యాదు, వేడుకోలు, నమ్మిక, స్తుతిస్తానన్న మాట. ఆరు వచనాల 13వ కీర్తన దీనికి చక్కని నమూనా. మొదటి రెండు వచనాల్లోనే ఇంకెన్నాళ్లు అని నాలుగుసార్లు అడుగుతాడు, తర్వాత ప్రాధేయపడతాడు, చివరికి పాడతానంటాడు. 88వ కీర్తన మాత్రం ఆ ఒడ్డుకు చేరదు. చీకటిలో మొదలై చీకటిలోనే ఆగిపోతుంది. దాన్ని కూర్చినవాళ్లు చివర ఓ ఆశాజనకమైన వచనం అతికించకుండా అలాగే ఉంచారు. గోల్కొండ చెరసాల నుంచి రాముణ్ని నిలదీసిన కంచర్ల గోపన్నను భద్రాచల రామదాసుగా గుండెకు హత్తుకున్న తెలుగువారికి ఈ ధోరణి కొత్త కాదు. దేవుడి మీద ఫిర్యాదును దేవుడికే చెప్పుకోవడం కూడా భక్తేనని ఈ కీర్తనలు ఒప్పుకున్నాయి.

ఇంత సంపుటి ఒక్కసారిగా తయారైంది కాదు. దానికి ఆధారాలు అందులోనే ఉన్నాయి. గ్రంథం ఐదు భాగాలుగా ఉంటుంది. 72వ కీర్తన చివర దావీదు ప్రార్థనలు ముగిశాయన్న గమనిక ఉంది, కానీ దావీదు పేరున్న కీర్తనలు ఆ తర్వాత కూడా వస్తాయి. 14వ కీర్తనే కొద్దిపాటి మార్పులతో 53వ కీర్తనగా మళ్లీ కనిపిస్తుంది. వేర్వేరు చిన్న సంపుటాలు ఎక్కడెక్కడో వాడుకలో ఉండి, తర్వాత ఒకచోట చేరాయని ఇలాంటివి చూపిస్తాయి.

రాతప్రతుల్లో జారిపోయినది కూడా ఒక్కోసారి దొరుకుతుంది. 145వ కీర్తన అక్షరక్రమ రచనే, కానీ సంప్రదాయ హీబ్రూ పాఠంలో నూన్ అక్షరానికి వచనం లేదు. గ్రీకు అనువాదంలో ఆ చోట ఒక వచనం ఉంది. అది అనువాదకుడి కల్పనా, లేక పాత పాఠమా? 1956లో మృతసముద్రం ఒడ్డున కుమ్రాన్ 11వ గుహలో దొరికిన పెద్ద కీర్తనల చుట్టలో నూన్ వచనం హీబ్రూలోనే కనిపించింది. అదే చుట్టలో, అప్పటిదాకా గ్రీకు వంటి అనువాదాల్లోనే తెలిసిన 151వ కీర్తన హీబ్రూ రూపం కూడా బయటపడింది.

పొరుగు దేశాల గొంతులు

1928లో సిరియా తీరాన పొలం దున్నుతున్న ఒక రైతు నాగలికి పాత సమాధి రాయి తగిలింది. మరుసటి ఏడాది ఫ్రెంచ్ పురావస్తు శాస్త్రవేత్త క్లోడ్ షేఫర్ నాయకత్వంలో అక్కడ తవ్వకాలు మొదలయ్యాయి. దగ్గరలోని రాస్ షమ్రా దిబ్బ కింద ఉగారిత్ నగరం బయటపడింది. క్రీ.పూ. 1200 దరిదాపుల్లో నాశనమైన ఆ నగరంలో దొరికిన మట్టి పలకల మీది భాష హీబ్రూకు దగ్గరి చుట్టం. ఆ పలకల మీది కావ్యాల్లోనూ జంట పంక్తులే, చాలాచోట్ల అవే పదాల జతలే. 74వ కీర్తనలో లెవియాతాను అనే సముద్ర సర్పానికి ఒకటికి మించి తలలు ఎందుకున్నాయో పాఠకులకు చాలాకాలం వింతగా ఉండేది. ఉగారిత్ కావ్యంలో లోతాన్ అనే మెలికల సర్పానికి ఏడు తలలు. హీబ్రూ కవి చుట్టుపక్కల అందరికీ తెలిసిన బొమ్మను తీసుకుని, దాన్ని ఓడించిన ఘనతను తన దేవుడికి అప్పగించాడు.

సామెతలకు పొరుగు ఐగుప్తు. అమెనెమోపె అనే ఐగుప్తు ఉద్యోగి కొడుక్కి చేసిన ఉపదేశం బ్రిటిష్ మ్యూజియంలోని ఒక పపైరస్ మీద 30 అధ్యాయాలుగా ఉంది. 1923లో అది అచ్చయింది. మరుసటి ఏడాదే జర్మన్ పండితుడు అడాల్ఫ్ ఎర్మాన్ సామెతలు 22వ అధ్యాయం 17వ వచనం నుంచి సాగే భాగానికి దానితో ఉన్న పోలికలు ఎత్తి చూపాడు. పొలం గట్టురాయి జరపవద్దు, పేదవాణ్ని దోచవద్దు, కోపిష్టితో చెలిమి చేయవద్దు అన్న బుద్ధులు రెండింటిలోనూ ఉన్నాయి. సంపద రెక్కలు కట్టుకుని ఎగిరిపోతుందని రెండూ హెచ్చరిస్తాయి. నైలు ఒడ్డున అది బాతుల్లా ఎగిరితే, యూదయ కొండల మీద గద్దలా ఎగురుతుంది. జ్ఞానం ఏ దేశంలో దొరికినా తెచ్చుకోవచ్చని ఆ లేఖకులు అనుకున్నారు.

గ్రంథానికి ఎదురు గ్రంథం

సామెతల గ్రంథం కూడా ఒక్క చేతి పని కాదని దాని శీర్షికలే చెబుతాయి. సొలొమోను సామెతలు, వాటిని హిజ్కియా రాజు కాలంలో ఎత్తి రాసినవాళ్ల సంకలనం, ఆగూరు మాటలు, లెమూయేలు రాజుకు తల్లి చెప్పిన బుద్ధులు అని విడివిడిగా ఉంటాయి. కూర్పులో శ్రద్ధకు ఒక గుర్తు ఉంది: 10వ అధ్యాయం నుంచి 22వ అధ్యాయం 16వ వచనం దాకా సామెతలు 375. హీబ్రూ అక్షరాలకు అంకెల విలువలుంటాయి. సొలొమోను పేరుకు ఆ లెక్కన వచ్చేది 375.

ఈ గ్రంథానికి లోకం ఒక క్రమంలో నడుస్తుందన్న నమ్మకం ఉంది. కష్టపడితే కలిమి, సోమరితనానికి లేమి, నీతికి నిలకడ. అయినా సూత్రాలను గుడ్డిగా వాడకూడదని తానే నేర్పుతుంది. 26వ అధ్యాయంలో 4, 5 వచనాలు పక్కపక్కనే ఉండి పూర్తిగా ఎదురెదురు సలహాలిస్తాయి: మూర్ఖుడి ధోరణిలో జవాబు చెప్పవద్దని ఒకటి, చెప్పమని ఇంకొకటి. యూదుల ధర్మచర్చల గ్రంథమైన తాల్ముద్‌లోని పండితులు దీని మీద చర్చించి, ఒకటి తోరా విషయాలకు, మరొకటి లోక వ్యవహారాలకు అని సర్దుబాటు చేశారు. ఏ మనిషి ముందు, ఏ సమయంలో ఏ సామెత వర్తిస్తుందో తేల్చుకోవడమే అసలు జ్ఞానమన్న పాఠం ఆ రెండు వచనాల అమరికలోనే ఉంది.

ఆ సమయం తెలియని పండితులే యోబు స్నేహితులు. సామెతలు చెప్పేదే వాళ్లూ చెబుతారు, కానీ తలకిందులు చేసి. పాపికి కష్టాలు వస్తాయి కాబట్టి కష్టాల్లో ఉన్నవాడు పాపి అంటారు. 1, 2 అధ్యాయాల కథ చదివిన పాఠకుడికి యోబు నిర్దోషి అని ముందే తెలుసు. స్నేహితులకు తెలియదు, యోబుకు తన కష్టానికి కారణం తెలియదు. 38వ అధ్యాయంలో సుడిగాలిలోంచి దేవుడు మాట్లాడినప్పుడు కూడా ఆ కారణం చెప్పడు. భూమి పునాదులు, మంచు గిడ్డంగులు, అడవి గాడిద, ఉష్ట్రపక్షి, డేగ గురించి ప్రశ్న మీద ప్రశ్న వేస్తాడు.

ప్రసంగి దారి వేరు. అతడు పోగొట్టుకున్నవాడు కాడు, అన్నీ అనుభవించినవాడు. తోటలు వేశాడు, మేడలు కట్టాడు, చదువుకున్నాడు. జ్ఞానికీ మూర్ఖుడికీ ఒకే చావు వస్తుందని చూసి, దేవుడిచ్చిన తిండినీ పనినీ ఉన్న రోజుల్లోనే ఆనందంగా అనుభవించమంటాడు. గొంతు సొలొమోనుదిలా వినిపించినా, భాషలో పారసీక పదాలు ఉండడం వల్ల ఈ రచన పారసీకుల కాలానిదో ఆ తర్వాతిదో అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. గ్రంథం చివర 12వ అధ్యాయంలో మరో గొంతు వచ్చి ప్రసంగిని జ్ఞానిగా మెచ్చుకుని, దేవుడికి భయపడమని తన ముగింపు చేరుస్తుంది. ప్రసంగికి తొలి వ్యాఖ్యాత ఆ గ్రంథంలోనే ఉన్నాడన్నమాట.

ఇలాంటి గ్రంథాన్ని పవిత్ర లేఖనాల్లో ఉంచవచ్చా అని రబ్బీలు, అంటే యూదుల మతాచార్యులు, వాదించుకున్నట్టు వాళ్ల ధర్మ సంకలనమైన మిష్నాలో నమోదైంది. షమ్మాయి శిష్యులు వద్దన్నారు, హిల్లేలు శిష్యులు ఉండాలన్నారు. పరమగీతం మీద కూడా చర్చ నడిచింది. స్త్రీ పురుషుల వలపును దాపరికం లేకుండా పాడే ఆ కావ్యం పవిత్రతను రబ్బీ అకీవా అందరికన్నా గట్టిగా సమర్థించాడు. యూదులు అందులో దేవుడికీ ఇశ్రాయేలుకూ మధ్య ప్రేమను, క్రైస్తవులు క్రీస్తుకూ సంఘానికీ మధ్య ప్రేమను చూశారు. 12వ శతాబ్దంలో బెర్నార్డ్ ఆఫ్ క్లేర్వో అనే క్రైస్తవ సన్యాసి దాని మీద 86 ప్రసంగాలు రాసి కూడా 3వ అధ్యాయం ఆరంభం దాటలేకపోయాడు. ఐగుప్తు ప్రేమగీతాలు వెలుగులోకి వచ్చాక, ప్రియురాలిని సోదరి అని పిలవడం వంటి పోలికలతో దాన్ని ముందు ప్రేమ కావ్యంగానే చదివే ధోరణి బలపడింది.

హీబ్రూ రాకపోయినా తెలుగు బైబిలుతో ఈ అధ్యయనం మొదలుపెట్టవచ్చు. ఒక చిన్న కీర్తన తీసుకుని, ప్రతి వచనాన్నీ కాగితం మీద రెండు ముక్కలుగా విడదీసి రాసుకోవాలి. రెండో ముక్కలో కొత్తగా చేరిన మాట కింద గీత గీయాలి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో, గొంతు ఎక్కడ మలుపు తిరిగిందో గుర్తుపెట్టాలి. ఆ తర్వాత 37వ కీర్తన, 73వ కీర్తన వెంటవెంటనే చదవాలి. 37లో మాట్లాడేది ముసలివాడు. నీతిమంతుణ్ని దేవుడు విడిచిపెట్టడం తన జీవితంలో చూడలేదంటాడు, అదీ అక్షరక్రమంలో. 73లో ఆసాపు అనే కీర్తనకారుడు దుర్మార్గుల సుఖాన్ని చూసి అసూయతో కాలు జారబోయినంత పనైందని ఒప్పుకుంటాడు. అతని మనసు తిరిగేది 28 వచనాల కీర్తనలో 17వ వచనం దగ్గర, ఆలయంలో అడుగుపెట్టాక. ఆ వెంటనే యోబు 21వ అధ్యాయం తెరిస్తే అదే ప్రశ్న మూడోసారి ఎదురవుతుంది. ఆలయమూ లేదు, మలుపూ లేదు. దుష్టులు ముసలితనం దాకా హాయిగా ఎందుకు బతుకుతున్నారో చెప్పమని యోబు స్నేహితులను అడుగుతాడు, వాళ్ల ఓదార్పులో అబద్ధమే మిగిలిందని ఆ అధ్యాయాన్ని ముగిస్తాడు.